ధర్మలుప్తోపమ: అంతరిక్ష యాత్రను విమానయానంతో పోల్చడంపై ఒక పరిశీలన

సంక్షిప్తి

అంతరిక్ష యాత్ర కూడా వాణిజ్య విమానయానం మాదిరిగానే క్రమంగా అందరికీ అందుబాటులోకి వస్తుందన్న భావన చలనచిత్రాలలోను, ప్రకటనలలోను, పత్రికా రచనలోను, ప్రభుత్వ విధానాలలోను స్థిరపడింది. ఈ వ్యాసం ఆ భావనను ఒక అలంకారంగా స్వీకరించి, దాని అంగాలను విడదీసి పరిశీలిస్తుంది. పోలికకు ఆధారంగా చూపుతున్న సమాన ధర్మం వాహనంలో లేదని, విమానయానాన్ని అందుబాటులోకి తెచ్చిన ధర్మాలు వేరే చోట ఉన్నాయని, వాటిలో ముఖ్యమైనది అంతరిక్ష యాత్రలో ఇప్పటికీ లోపించి ఉందని నిరూపించడం దీని లక్ష్యం. ఆ లోపాన్ని తెలుగు పదప్రయోగం ఎలా కప్పిపుచ్చుతున్నదో కూడా ఇందులో చర్చ.

కీలక పదాలు: ఉపమ, ధర్మలుప్త, విమానయానం, గాలిమోటారు, యాత్ర, ప్రయాణం, వ్యోమగామి.

1. ఉపోద్ఘాతం

అంతరిక్షానికి మామూలు మనిషి ఎప్పుడు వెళ్లగలడన్న ప్రశ్నకు దాదాపు అరవై ఏళ్లుగా ఒకే సమాధానం వినిపిస్తున్నది. విమానం మొదట సాహసికులదిగా, తరువాత సంపన్నులదిగా ఉండి, చివరకు అందరిదీ అయింది. అంతరిక్ష నౌక కూడా అదే దారిన నడుస్తుందన్నది ఆ సమాధానం. వినడానికి ఇది చరిత్రపై ఆధారపడిన అంచనాలా ఉంటుంది. నిర్మాణంలో మాత్రం ఇది ఉపమాలంకారం.

ఉపమకు నాలుగు అంగాలని ఆలంకారికులు చెప్పారు: ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ. వాటిలో ఏదైనా లోపిస్తే లుప్తోపమ. సమాన ధర్మాన్ని చెప్పకుండా విడిచిపెడితే అది ధర్మలుప్త. కావ్యంలో ధర్మలోపం దోషం కాదు. ముఖం చంద్రునిలా ఉన్నదని చెప్పి ఊరుకుంటే ఆహ్లాదకత్వాన్ని సహృదయుడు తానే పూరించుకుంటాడు. ఆ ధర్మం లోకప్రసిద్ధం కనుక అది సాధ్యం. అయితే విధానాలను నిర్ణయించే వాదంలో, ప్రజల సొమ్మును, మనుషుల ప్రాణాలను పణంగా పెట్టే వాదంలో ధర్మాన్ని చెప్పకుండా విడిచిపెడితే, ఎవరికి అనుకూలమైన ధర్మాన్ని వారు పూరించుకునే వీలు కలుగుతుంది. ‘అంతరిక్ష యాత్ర విమానయానం వంటిది’ అన్న వాక్యంలో ఉపమేయం ఉంది, ఉపమానం ఉంది, వాచకం ఉంది. ఏ విషయంలో వంటిది అన్నది మాత్రం లేదు. ఆ ఖాళీని ఎవరు దేనితో పూరించారన్నది ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

2. ఉపమాన పరంపర: ఓడ, విమానం, వ్యోమనౌక

విమానయానమే తన పరిభాషను మరొక చోటి నుంచి అరువు తెచ్చుకున్నది. కెప్టెన్, క్యాబిన్, నాట్లలో వేగాన్ని కొలవడం వంటివన్నీ ఓడల నుంచి వచ్చినవే. అమెరికాకు చెందిన పాన్ అమెరికన్ సంస్థ తన విమానాలకు ‘క్లిప్పర్’ అని పేరు పెట్టుకున్నది. అది పందొమ్మిదో శతాబ్దపు వేగవంతమైన తెరచాప ఓడల పేరు. ఎగరడానికి భయపడే మనిషికి, తాను ఎక్కుతున్నది సముద్రయానం వంటిదేనన్న భరోసాను ఆ పదజాలం ఇచ్చింది. తెలుగులో ఈ పరంపర మరో రూపం దాల్చింది. నేల మీది నుంచి ఎగిరే యంత్రానికి పురాణాల నుంచి ‘విమానం’ అన్న మాటను తీసుకున్నాం. అంతకన్న పైకి వెళ్లే దానికి మళ్లీ సముద్రం వైపు తిరిగి ‘వ్యోమనౌక’ అన్నాం. తెలియనిదాన్ని తెలిసినదానితో చెప్పుకోవడం భాషకు సహజం. అయితే ప్రతి అరువు మాటతోను ఒక వాగ్దానం కూడా వస్తుంది.

ఆ వాగ్దానానికి అత్యంత ప్రభావవంతమైన దృశ్యరూపం 1968 ఏప్రిల్‌లో విడుదలైన స్టాన్లీ కుబ్రిక్ చిత్రం ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’. అందులో భూమి నుంచి అంతరిక్ష కేంద్రానికి వెళ్లే వాహనం మీద పాన్ అమెరికన్ చిహ్నం ఉంటుంది. లోపల విమానంలోలాగే సీట్ల వరుసలు ఉంటాయి. ప్రయాణికుడు కునుకు తీస్తుండగా అతని చేతి నుంచి జారిన కలం గాలిలో తేలుతుంది. పరిచారిక నెమ్మదిగా నడిచి వచ్చి దాన్ని పట్టుకుని అతని జేబులో పెడుతుంది. భారరహిత స్థితిని వింతగా కాక, విమాన పరిచారిక రోజువారీ పనిలో ఒకటిగా చూపడం ఈ దృశ్యం సాధించిన విజయం. అద్భుతాన్ని మామూలు విషయంగా చూపడంలోనే అందుబాటు అన్న భావన పుట్టింది.

అయితే ఆ దృశ్యంలో సాధారణంగా దృష్టికి రాని విషయం ఒకటున్నది. ఆ సీట్ల వరుసలన్నీ ఖాళీ. వాహనంలో ఉన్న ఒకే ఒక్క ప్రయాణికుడు డాక్టర్ హేవుడ్ ఫ్లాయిడ్. అతడు రహస్యమైన ప్రభుత్వ కార్యం మీద వెళ్తున్న ఉన్నతాధికారి. టికెట్ కొనుక్కుని ఎక్కిన మనిషి ఆ విమానంలో ఎవరూ లేరు. చిహ్నం వాణిజ్య సంస్థది, పని ప్రభుత్వానిది. దర్శకుడు ఉద్దేశించాడా లేదా అన్నది అలా ఉంచితే, ఆ ఖాళీ సీట్లు తరువాతి అర్ధశతాబ్దపు వాస్తవాన్ని తెర మీది వాణిజ్య చిహ్నం కన్న నిజాయితీగా చెప్పాయి.

ప్రజలు నమ్మింది మాత్రం చిహ్నాన్నే. 1964లో ఆస్ట్రియాకు చెందిన ఒక పత్రికా రచయిత వియన్నాలోని ట్రావెల్ ఏజెన్సీకి వెళ్లి చంద్రుడికి టికెట్ అడిగాడు. ఆ కోరిక పాన్ అమెరికన్ దాకా చేరింది. ఆ తరువాత 1968 నుంచి 1971 వరకు ఆ సంస్థ చంద్రయాత్ర కోసం పేర్లు నమోదు చేసుకుని, వరుస సంఖ్య వేసిన సభ్యత్వ కార్డులను ఉచితంగా పంపింది. 93,000 మందికి పైగా పేర్లు ఇచ్చారు. ఛార్జీ నిర్ణయం కాలేదు, బయలుదేరే తేదీ లేదు, వాహనమే లేదు. క్యూ మాత్రం ఉంది. విమాన సంస్థ పేరు ఉండటమే చాలినంత హామీ అయింది. 1991 డిసెంబర్‌లో పాన్ అమెరికన్ మూతపడింది. ఆ కార్డులు జ్ఞాపక వస్తువులుగా మిగిలాయి.

3. ఉపమ రూపకంగా మారిన తీరు

ఉపమలో ఉపమేయం, ఉపమానం రెండూ వేరన్న స్పృహ నిలిచి ఉంటుంది. రూపకంలో అభేదం ఆరోపితమవుతుంది. ‘విమానం వంటిది’ అన్న మాట ‘విమానమే’ అన్న మాటగా మారిన చారిత్రక ఘట్టం అమెరికా అంతరిక్ష షటిల్. ‘షటిల్’ అన్న పేరే రెండు ఊళ్ల మధ్య వెళ్లివస్తూ ఉండే మామూలు బండిని సూచిస్తుంది. రెక్కలు, చక్రాలు, రన్‌వే మీద దిగడం, పైలట్ సీటు, ఇవన్నీ ఉన్నాయి కనుక రూపకానికి దృశ్యబలం కూడా సమకూరింది. 1982లో నాలుగో యాత్ర ముగియగానే ప్రయోగ దశ ముగిసిందని, ఇక వాడుక దశ మొదలైందని ప్రకటించారు. వాణిజ్య విమానాల ధృవీకరణకు జరిగే పరీక్షలతో పోలిస్తే నాలుగు యాత్రలన్నవి లెక్కలోకి రావు.

1981 నుంచి 2011 వరకు మొత్తం 135 షటిల్ యాత్రలు జరిగాయి. రెండు ప్రమాదాలలో 14 మంది మరణించారు. 1986 జనవరి 28న ఛాలెంజర్‌లో మరణించిన వారిలో పాఠశాల ఉపాధ్యాయిని క్రిస్టా మెకాలిఫ్ ఉన్నారు. సామాన్య పౌరురాలు ఎక్కదగినంత సురక్షితమైన వాహనమిది అన్న సందేశాన్ని ఇవ్వడానికే ఆమెను ఎంపిక చేశారు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా ప్రమాదంలో కల్పనా చావ్లా సహా ఏడుగురు మరణించారు. ప్రయోగదశలోనే ఉన్న వాహనాన్ని వాడుకలో స్థిరపడిన వాహనంగా పరిగణించడం సంస్థ చేసిన పొరపాట్లలో ఒకటని ఆ ప్రమాదంపై నియమించిన దర్యాప్తు మండలి పేర్కొన్నది. సాహిత్య పరిభాషలో చెప్పాలంటే, ఆరోపిత అభేదాన్ని వాస్తవ అభేదంగా నమ్మారు. కావ్యంలో ఆ నమ్మకం రసానుభవం. ఇంజనీరింగ్‌లో అది ప్రాణాంతకం.

ఈ అనుభవం తరువాత కూడా రూపకం తగ్గలేదు. ‘ఎయిర్‌లైన్’ను అనుసరించి ‘స్పేస్‌లైన్’, ‘ఎయిర్‌పోర్ట్’ను అనుసరించి ‘స్పేస్‌పోర్ట్’ అన్న మాటలు వ్యాపార పరిభాషలోకి వచ్చాయి. కొత్త పదం పాత పదపు రూపాన్ని ధరించినప్పుడు దాని ప్రతిష్ఠను కూడా ధరిస్తుంది. ‘ఎయిర్‌లైన్’ అన్న మాట వెనుక సుమారు వంద సంవత్సరాల చట్టం, శిక్షణ, ప్రమాదాల నుంచి నేర్చుకున్న పాఠాలు ఉన్నాయి. ‘స్పేస్‌లైన్’ వెనుక ఆ ఆస్తి లేదు.

4. గాలిమోటారు, గాలి లేని చోటు

తెలుగు పల్లెల్లో విమానానికి ‘గాలిమోటారు’ అన్న పేరు ఉండేది. పండితులు స్వీకరించిన ‘విమానం’ పురాణ ప్రతిష్ఠ గల మాట. ‘గాలిమోటారు’ మాత్రం యంత్రం పని చేసే తీరును చెప్పిన మాట. మోటారు రోడ్డు మీద ఆధారపడినట్లే ఈ మోటారు గాలి మీద ఆధారపడుతుంది. రెక్కకు ఎత్తుబలాన్నిచ్చేది గాలి. ఇంజన్‌లో ఇంధనాన్ని మండించేందుకు ఆక్సిజన్‌ను ఇచ్చేదీ గాలే. విమానం తన ప్రయాణానికి కావలసిన ముడిసరకులో పెద్ద భాగాన్ని దారి పొడవునా ఉచితంగా తీసుకుంటుంది. రాకెట్ వెళ్లేది గాలి లేని చోటికి. అది ఇంధనంతోపాటు ఇంధనాన్ని మండించే పదార్థాన్ని కూడా వెంట మోసుకుపోవాలి. జనం పెట్టిన పేరు పోలిక ఎక్కడ తెగిపోతుందో ముందే చెప్పింది.

ఇక వేగం సంగతి. పెద్ద ప్రయాణికుల విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. భూమి చుట్టూ సమీప కక్ష్యలో నిలవడానికి గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగం కావాలి. వేగంలో తేడా ముప్ఫై రెట్లు. గతిశక్తి వేగ వర్గాన్ని అనుసరిస్తుంది కనుక ఒక్కో కిలో బరువుకు అవసరమయ్యే శక్తిలో తేడా 900 రెట్లకు పైనే. ఇది కాలక్రమాన తగ్గే ఖర్చు కాదు, ప్రకృతి విధించిన రుసుము.

ఈ పరిమితిలోనే వాణిజ్య విమానం అంతరిక్షానికి చేసిన ప్రత్యక్ష సేవను అంచనా వేయాలి. ఆ సేవ ఉన్నది. షటిల్‌ను ఒక చోటి నుంచి మరో చోటికి వీపు మీద మోసిన బోయింగ్ 747లు అంతకుముందు ప్రయాణికుల విమానాలే. పెగసస్ రాకెట్‌ను ఆకాశంలోకి తీసుకుపోయి విడిచిన లాక్‌హీడ్ ఎల్-1011 అంతకుముందు ఎయిర్ కెనడా విమానం. వర్జిన్ ఆర్బిట్ సంస్థ వర్జిన్ అట్లాంటిక్‌కు చెందిన పాత 747 రెక్క కింద రాకెట్‌ను అమర్చి 2021 జనవరిలో ఉపగ్రహాలను కక్ష్యకు చేర్చింది. 2023 జనవరిలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి చేసిన ప్రయోగం విఫలమైంది, ఆ ఏప్రిల్‌లోనే సంస్థ దివాలా రక్షణ కోరింది. మోసుకుపోయే విమానం రాకెట్‌కు ఇచ్చే వేగం కక్ష్యకు కావలసిన దానిలో చాలా స్వల్పం. విమానం నుంచి విడిచిన వాహనంలో మనుషులు అంతరిక్షపు అంచును తాకి వచ్చారు గాని, ఆ పద్ధతిలో ఏ మనిషీ ఇంతవరకు కక్ష్యకు చేరలేదు. రెక్క చేయగలిగిన సహాయం అంతవరకే.

5. తపాలా సంచి

అలాగైతే పోలిక పూర్తిగా నిరాధారమా? కాదు. దాని ఆధారాన్ని వెతికిన చోటే తప్పు. విమానయాన చరిత్రలో అందుబాటుకు దారితీసింది ప్రయాణికుల మోజు కాదు, తపాలా. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ నుంచి యమునకు అవతల ఉన్న నైనికి హెన్రీ పెకే సుమారు 6,500 ఉత్తరాలను విమానంలో తీసుకుపోయాడు. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి నడిపిన చిన్న విమానంలో ఉన్నది కూడా ఉత్తరాల సంచే. అమెరికాలో 1925 నాటి కెల్లీ చట్టం తపాలా మోత పనిని ప్రైవేటు సంస్థలకు అప్పగించింది. ప్రయాణికుడు దొరికినా దొరకకపోయినా విమానం నిర్ణీత సమయానికి ఎగరడానికి తపాలా ఒప్పందం కారణమైంది. ఎగరగా ఎగరగా యంత్రం మెరుగుపడింది, పైలట్లు తయారయ్యారు, నమ్మకం ఏర్పడింది. సంచి పక్కన మనిషి కూర్చున్నది ఆ తరువాత.

అంతరిక్షంలో దీనికి సమాంతరం స్పష్టంగానే ఉంది. 2006లో నాసా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకు చేరవేసే సామర్థ్యాన్ని ప్రైవేటు సంస్థలు అభివృద్ధి చేసేలా ఒప్పందాలు కుదుర్చుకున్నది. 2012 మేలో స్పేస్ ఎక్స్ వారి డ్రాగన్ సరుకు వాహనం అక్కడికి చేరింది. ఒకసారి ఎగిరిన రాకెట్ మొదటి దశను అదే సంస్థ 2015 డిసెంబర్‌లో తిరిగి నేలకు దింపింది, 2017 మార్చిలో అలాంటి దశను మళ్లీ ఎగరవేసింది. 2020 మేలో డ్రాగన్‌లో నాసా వ్యోమగాములు వెళ్లారు. 2021 సెప్టెంబర్‌లో ప్రభుత్వ సంస్థతో సంబంధం లేని నలుగురు అదే తరహా వాహనంలో మూడు రోజులు కక్ష్యలో తిరిగారు. సరుకు, ఉద్యోగి, ఆపైన పౌరుడు: ఈ క్రమం తపాలా విమానపు క్రమమే. ఈ వాహనానికి రెక్కలు లేవు, అది రన్‌వే మీద దిగదు, చూడటానికి విమానంలా ఉండదు. విమానంలా కనిపించిన షటిల్ కన్న విమానంలా కనిపించని డ్రాగన్ వాణిజ్య విమానయానానికి దగ్గరగా ఉన్నది. సమాన ధర్మం రెక్కలో కాక ఒప్పందంలో, క్రమం తప్పని పునరావృత్తిలో ఉందనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ అక్కరలేదు.

ధరల విషయంలో ఇదే తర్కాన్ని మరో జంట సంఘటనలతో పరీక్షించవచ్చు. 1914 జనవరి 1న ఫ్లోరిడాలో సెయింట్ పీటర్స్‌బర్గ్, టంపా నగరాల మధ్య తొలి నిర్ణీత విమాన సర్వీసు మొదలైంది. మొదటి సీటును వేలం వేస్తే 400 డాలర్లు పలికింది. ఆ తరువాత మామూలు ఛార్జీ 5 డాలర్లు. 2021లో బ్లూ ఆరిజిన్ సంస్థ తన తొలి మానవ సహిత యాత్రలో ఒక సీటును వేలం వేస్తే 280 లక్షల డాలర్లు పలికింది. వేలం రెండు చోట్లా ఉన్నది. వేలం ముగిశాక గోడ మీద అతికించిన ఛార్జీల పట్టిక మొదటి చోట మాత్రమే ఉన్నది. అందుబాటు అంటే ధర తక్కువ కావడమే కాదు. ధర అందరికీ ఒకటిగా, ముందుగా తెలిసేదిగా ఉండటం కూడా.

6. లోపించిన ధర్మం

తపాలా ఒప్పందం, పునరావృత్తి అన్న రెండు ధర్మాలు అంతరిక్ష యాత్రలో కొంతవరకు కనిపిస్తున్నాయి. మూడోది కనిపించదు: తీసుకుపోయే సంస్థకు ప్రయాణికుడి పట్ల ఉండే బాధ్యత. 1926లో అమెరికా విమానాలను, పైలట్లను ధృవీకరించే చట్టం చేసింది. 1929లో కుదిరిన వార్సా ఒప్పందం అంతర్జాతీయ ప్రయాణాలలో మరణానికి, గాయాలకు విమాన సంస్థే జవాబుదారీ అని, టికెట్ మీద షరతులు రాసి ఆ బాధ్యతను తప్పించుకోరాదని నిర్దేశించింది. భారతదేశంలో 1934లో దానికి అనుగుణంగా చట్టం వచ్చింది. టాటా తపాలా విమానం ఎగిరి అప్పటికి రెండేళ్లే. విమానం ఎక్కినవాడు ‘ప్రయాణికుడు’ అయింది సీటులో కూర్చున్నందువల్ల కాదు, అతని పట్ల మరొకరికి బాధ్యత ఏర్పడినందువల్ల.

2004 నాటి అమెరికా వాణిజ్య అంతరిక్ష ప్రయోగాల చట్ట సవరణ దీనికి భిన్నమైన దారి పట్టింది. ఆ చట్టం టికెట్ కొన్నవారిని ‘ప్రయాణికులు’ అనదు. ‘అంతరిక్ష యానంలో పాల్గొనేవారు’ అంటుంది. వాహనం మనుషులను తీసుకుపోవడానికి సురక్షితమని ప్రభుత్వం ధృవీకరించలేదన్న సంగతిని వారికి రాతపూర్వకంగా తెలియజేయాలి; తెలిసే వెళ్తున్నామని వారు అంగీకరించాలి. ప్రభుత్వంపై నష్టపరిహారపు హక్కును వదులుకుంటూ సంతకం చేయాలి. కొన్ని రాష్ట్రాలు నిర్వాహక సంస్థలకు బాధ్యత నుంచి రక్షణ ఇచ్చే చట్టాలు చేశాయి. లోపల కూర్చునేవారి భద్రతపై నియంత్రణ సంస్థ నియమాలు చేయకుండా విధించిన విరామాన్ని పదేపదే పొడిగిస్తూ వచ్చారు. 2024లో చేసిన పొడిగింపు 2028 ఆరంభం దాకా వర్తిస్తుంది. పరిశ్రమ నేర్చుకునే దశలో ఉన్నదన్నది ఇందుకు చెప్పిన కారణం. నేర్చుకునే దశ అన్నమాట నిజమే కావచ్చు. కాని అదే పరిశ్రమ ప్రకటనలలో తనను స్పేస్‌లైన్ అని పిలుచుకుంటుంది. చట్టంలో ప్రయోగం, ప్రకటనలో ప్రయాణం: ఈ రెండు భాషల మధ్య దూరమే ధర్మలోపం. 2014 అక్టోబర్ 31న పరీక్షలో కూలిపోయిన స్పేస్‌షిప్ టూ విషయంలో, ఒకే ఒక్క మానవ తప్పిదం ఘోర ప్రమాదానికి దారితీయగలదన్న అవకాశాన్ని నిర్మాణ సంస్థ ముందుగా పరిగణించి నివారణ ఏర్పాటు చేయలేదని దర్యాప్తు తేల్చింది. అలాంటి అవకాశాలను ముందుగా లెక్కించమని పట్టుబట్టేదే ధృవీకరణ.

దీనికి ఒక బలమైన ప్రతివాదం ఉంది. విమానయానం కూడా మొదట ప్రమాదకరమే, మొదట ధనికులదే. కాలం గడిస్తే అంతరిక్ష యాత్రకూ చట్టం, బాధ్యత సమకూరుతాయి కదా అన్నది. ఇందులో కొంత నిజముంది. కాని కాలం తనంతట తాను ఏ పనీ చేయదు. రైట్ సోదరులు ఎగిరిన 1903కు, వార్సా ఒప్పందానికి మధ్య 26 ఏళ్లు. డబ్బు చెల్లించి అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన డెన్నిస్ టిటో యాత్ర 2001లో జరిగింది. దాని తరువాత రెండు దశాబ్దాలు దాటినా అలాంటి బాధ్యతా నిబంధన లేదు. విమానయానంలో సైతం వేగవంతమైన ప్రతిదీ అందరిదీ కాలేదు. 1976లో ప్రయాణికులతో ఎగరడం మొదలుపెట్టిన కాంకార్డ్ 2003లో విరమించే దాకా కొద్దిమంది వాహనంగానే ఉండిపోయింది. ఉపమానంలోనే ఈ భిన్నత్వం ఉండగా, దానిలో ఒక్క జెట్ విమానపు కథనే ఎంచుకుని ఉపమేయానికి అంటగట్టడం న్యాయం కాదు.

7. యాత్ర, ప్రయాణం, వ్యోమగామి: తెలుగు పదాల సాక్ష్యం

తెలుగులో ‘ప్రయాణం’, ‘యాత్ర’ పర్యాయపదాలుగా కనిపించినా వాటి వాడుక వేరు. బజారుకు, బంధువుల ఊరికి, ఉద్యోగానికి వెళ్లేది ప్రయాణం; జీవితంలో ఎప్పుడో ఒకసారి, తిరిగి వస్తామో రామో అన్న సందేహంతో వెళ్లేది యాత్ర. కాశీకి పోవడం కాటికి పోవడం ఒకటేనన్న సామెత ఆ సందేహం నుంచి పుట్టినదే. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి, పరివారంతో కాశీకి వెళ్లి తిరిగి రావడానికి పదిహేను నెలలకు పైగా పట్టింది. 1838లో అచ్చయిన ఆయన గ్రంథం పేరు ‘కాశీయాత్ర చరిత్ర’ కావడం సహజం. తరువాత రైలు వచ్చి, తరగతుల వారీ ఛార్జీలు, వేళల పట్టిక, సంస్థకు చట్టం విధించిన బాధ్యతలు ఏర్పడ్డాక, పుణ్యంలో అది యాత్రగానే మిగిలినా చేరుకునే తీరులో ప్రయాణం అయింది. యాత్ర ప్రయాణంగా మారే ప్రక్రియ తెలుగు సమాజానికి అనుభవంలో ఉన్నదే.

తెలుగు మాధ్యమాలు ‘అంతరిక్ష యాత్ర’, ‘రోదసి యాత్ర’ అంటాయి. ‘అంతరిక్ష ప్రయాణం’ అన్న మాట అరుదు. ఈ విషయంలో వాడుక తెలియకుండానే సత్యాన్ని కాపాడింది. కాని వెళ్లిన మనిషిని పిలవవలసి వచ్చేసరికి ఆ జాగ్రత్త సడలుతుంది. 2021 జూలై 11న ఆంధ్రప్రదేశ్ మూలాలున్న బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లివచ్చారు. ఆమె ఆ సంస్థ ఉద్యోగిని. ఆ ప్రయాణంలో ఆమెకు అప్పగించిన పరిశోధనా కార్యం ఉంది. 2024 మే 19న విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ బ్లూ ఆరిజిన్ వాహనంలో వెళ్లివచ్చారు. ఆయన వృత్తిరీత్యా పైలట్; కాని ఆ వాహనానికి పైలట్ ఉండడు, అది స్వయంచాలితం. నేల మీద విమానాన్ని నడిపే మనిషి అక్కడ కిటికీ పక్కన కూర్చున్న యాత్రికుడు. విమానయానపు నైపుణ్యం అక్కడికి అనువర్తించదన్న విషయాన్ని ఈ ఒక్క ఉదాహరణే స్పష్టం చేస్తుంది. ఉద్యోగ ధర్మంగా వెళ్లిన శిరీషకు, యాత్రికుడిగా వెళ్లిన గోపీచంద్‌కు, 1984లో ఎనిమిది రోజులు కక్ష్యలో పనిచేసిన రాకేశ్ శర్మకు ‘వ్యోమగామి’ అన్న ఒకే మాట వాడితే ముగ్గురి అనుభవాల మధ్య ఉన్న భేదం చెరిగిపోతుంది. ‘వ్యోమగామి’కి వ్యుత్పత్తి ఆకాశంలో వెళ్లేవాడని మాత్రమే, పనిని గాని, శిక్షణను గాని, హక్కును గాని ఆ మాట చెప్పదు.

కాబట్టి పదప్రయోగంలో ఒక వివేచన అవసరం. శిక్షణ పొంది, అప్పగించిన పని మీద వెళ్లేవారికి ‘వ్యోమగామి’; అనుభవం కోసం సొంత ఖర్చుతో గాని ఇతరుల ఖర్చుతో గాని వెళ్లేవారికి ‘అంతరిక్ష యాత్రికుడు’, ‘యాత్రికురాలు’ అన్న మాటలు సరిపోతాయి. ‘ప్రయాణికుడు’ అన్న మాటను మాత్రం, తీసుకుపోయే సంస్థకు చట్టబద్ధమైన బాధ్యత ఏర్పడిన రోజు దాకా అట్టే పెట్టడం ఉచితం. ఇది గౌరవాన్ని తగ్గించే వర్గీకరణ కాదు. ఇంకా నెరవేరని దాన్ని నెరవేరినట్లు భాష చెప్పకుండా చూడటమే దీని ప్రయోజనం.

8. ముగింపు

వాణిజ్య విమానయానం అంతరిక్ష యాత్రకు వాహనాలను ఇచ్చింది, పదజాలాన్ని ఇచ్చింది, అన్నిటికీ మించి ఒక ఆశను ఇచ్చింది. వాహనాల పాత్ర స్వల్పం. పదజాలం కొన్నిసార్లు ఉపకరించింది, షటిల్ విషయంలో అపకారం చేసింది. ఇవ్వవలసి ఉండి ఇంకా ఇవ్వనిది బాధ్యతా వ్యవస్థ. పోలికను వదులుకోవలసిన అవసరం లేదు. లోపించిన ధర్మాన్ని బయటికి చెప్పి, దాన్ని పూరించమని అడగవలసిన అవసరం ఉంది. అలంకార శాస్త్రంలో ధర్మమంటే సాదృశ్యానికి ఆధారమైన గుణం, లోకవ్యవహారంలో ధర్మమంటే కర్తవ్యం. ఈ ఉపమలో లోపించినది రెండర్థాలలోను ధర్మమే.

2024 మార్చి 22న కర్ణాటకలోని చిత్రదుర్గ సమీపంలో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, రెక్కలు గల చిన్న పరీక్షా వాహనాన్ని వైమానిక దళ హెలికాప్టర్ నుంచి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున విడిచింది. అది తనంతట తానే రన్‌వే మీద దిగింది. మనుషులు కూర్చునే చోటు లేని ఆ వాహనానికి ‘పుష్పక్’ అని పేరు పెట్టారు. పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా మరొకరికి చోటుంటుందని తెలుగువారి నమ్మిక. ఆ పేరును స్వీకరించిన ప్రతి ప్రయత్నమూ, ఆ మరొకరు ఎవరు, వారి పట్ల ఎవరిది పూచీ అన్న ప్రశ్నను కూడా స్వీకరించినట్లే.